తీగ పొట్టిదైతే బొమ్మ గట్టిది

నేను చేసిన పనికి ఏ దరఖాస్తు ఫారంలోనూ గడి లేదు. రేషన్ కార్డులో 'టీవీ మెకానిక్' అని రాయించుకున్నాను. మా నాయన మాత్రం కడదాకా "మావోడు బొమ్మలు బాగుచేస్తడు" అనే చెప్పుకున్నాడు. విన్నవాళ్లు కొయ్యబొమ్మలు అనుకున్నారో, బొమ్మల కొలువు అనుకున్నారో తెలియదు. నిజానికి నాయన మాటే సరైనది. 2001 నుంచి 2014 దాకా సూర్యాపేటలో కూర్చుని, కోదాడకూ మిర్యాలగూడకూ బస్సుల్లో నిలబడి, నేను చేసిందల్లా బొమ్మను బాగుచేయడమే. వీడియో గేమ్ మిషన్‌లో పుట్టి టీవీలో పడే బొమ్మను.

పాత గేమ్ మిషన్లకు ఇప్పుడు మళ్లీ గిరాకీ వచ్చిందట. వాటి రిపేరు నేర్చుకుంటున్న పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు: "మంచి బొమ్మ రావాలంటే ఏ వైరు కొనాలి సార్?" జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి నేను ఒక మంచి మిషన్‌ను నా చేతులారా చంపాను. ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాను. నా నోటి మాట మీద కోదాడలో ఒకావిడ దుకాణం నిలబడటమో మూతపడటమో తేలే రోజు కూడా వచ్చింది. అంత ఖరీదైన మాటను ఫోన్లో ఊరికే ఇవ్వబుద్ధి కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

"పాతదైపోయింది, పారేయండి" అని చెప్పి బతికేవాళ్లు కూడా దీన్ని చదవాలని నా కోరిక. చదివి కోపం తెచ్చుకుంటే ఇంకా సంతోషం.

"ఐసీ పోయింది"

మాది గొర్రెల ఇల్లు. మందలో ఒక గొర్రె కుంటితే నాయన ముందు దాని గిట్ట ఎత్తి చూసేవాడు, ముల్లేమైనా గుచ్చుకుందా అని. ముల్లు లేదని తేలాకే కాలు, తరవాతే తొడ, ఆ తరవాతే మందు. ఆయనకు చదువు రాదు. నాకు వచ్చు. అందుకని నేను ముందే పెట్టె విప్పేవాణ్ని.

సూర్యాపేటలో నేను పనిచేసిన చోట ముందు షోరూము, వెనక రిపేరు గది. యజమానిని పెద్దసార్ అనేవాళ్లం. ఆయన్ని చెడ్డవాడు అనను. సోల్డరింగ్ పట్టుకోవడం చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. కానీ దాంతో పాటు ఇంకోటి కూడా నేర్పాడు.

"తప్పు దొరికితే ఏం తప్పో చెప్పు. దొరకకపోతే ఐసీ పోయిందని చెప్పు. దొరకలేదని మాత్రం చచ్చినా చెప్పకు."

మిషన్ లోపల నల్ల జెర్రిలాగా కాళ్లు పెట్టుకుని కూర్చునేదే ఐసీ. అదేం చేస్తుందో గిరాకీకి తెలియదు, చాలాసార్లు మాకూ తెలియదు. "ఐసీ పోయింది" అంటే పెద్ద దవాఖానలో డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నట్టు. ఇక ఎవరూ ఏమీ అడగరు.

అప్పట్లో మిషన్‌ను టీవీకి కలిపే దారులు మూడు నాలుగు ఉండేవి. అన్నిటికన్నా పాత దారి యాంటెన్నా పిన్ను. మిషన్ తన బొమ్మను ఒక టీవీ చానల్ లాగా మార్చి పంపుతుంది, టీవీ ఆ చానల్‌ను వెతికి పట్టి మళ్లీ బొమ్మగా విడదీసుకుంటుంది. దంచిన బియ్యాన్ని మళ్లీ పొట్టులో కలిపి పక్కింటికి పంపితే, వాళ్లు మళ్లీ చెరుక్కుని వండుకున్నట్టు. ఆ బొమ్మలో ఎప్పుడూ ఇసక రాలుతూ ఉంటుంది. దానికన్నా మేలు పసుపు పిన్ను. పొట్టు కలపడం లేదు కానీ, వెలుగూ రంగూ రెండూ ఒకే తీగలో ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ వస్తాయి. అందుకే ఎర్ర అక్షరాల అంచున చీమలు పాకుతున్నట్టు కనపడుతుంది. దానికన్నా మేలు నాలుగు రంధ్రాల గుండ్రటి పిన్ను. వెలుగుకు ఒక తీగ, రంగుకు ఒక తీగ. చీమలు మాయం. ఆపై మెట్టు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ మూడు తీగల్లో రావడం. అది మా ఊళ్ల టీవీల్లో అరుదు.

ఇదంతా పుస్తకంలో ఉంది, నాకు నోటికొచ్చు. అయినా పెట్టె విప్పేవాణ్నే తప్ప తీగ పట్టుకుని చూసేవాణ్ని కాదు. తీగ చూడటం చిన్నపని అనుకునేవాణ్ని. తీగ లాగితే డొంకంతా కదులుతుందని పెద్దలు చెప్పారు కానీ, మెకానిక్‌కు పెద్దసార్ తప్ప వేరే పెద్దలు ఉండరు.

లచ్చిరాం మిషన్

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లచ్చిరాం బాయిలర్ ఆపరేటర్. మిల్లు గోడకు ఆనుకుని ఉన్న క్వార్టర్లలో భార్య కమిలితో ఉండేవాడు. ఇద్దరిదీ తాండా. ఇద్దరికీ ఒకటే సరదా: సెలవు రోజున కార్ల పందెం గేమ్. ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చి అమ్మేసిన పాత మిషన్ కొనుక్కున్నాడు. ఆటలో ఎప్పుడూ కమిలే గెలిచేది. అతను ఓడిపోతే అంట్లు తోమాలని షరతు. మిల్లులో అందరికీ తెలుసు.

ఒకరోజు మిషన్‌ను తువ్వాలలో చుట్టుకుని సూర్యాపేట వచ్చాడు.

"సైదులన్నా, బొమ్మల నల్ల బెల్టు ఎక్కుతున్నది."

"బెల్టేంది?"

"గింత ఎడల్పు. మా మిల్లుల బెల్టు లెక్కనే. కిందికెల్లి పైకి పాకుతది, మల్ల కిందికెల్లి వస్తది. బండి ఏడున్నదో కనబడదు. ఆమెకేమో కనబడ్తదట!"

నా బల్ల మీద పెట్టి చూస్తే బెల్టు లేదు. విప్పాను. రెండు రోజులు గెలికాను. ఏమీ దొరకలేదు. లచ్చిరాం ఇంటికి తీసుకుపోయి పెడితే మళ్లీ బెల్టు. మళ్లీ తెచ్చాడు. అప్పుడు పెద్దసార్ పాఠం అప్పజెప్పాను.

"ఐసీ పోయింది లచ్చిరాం."

"కొత్తది దొరకదా?"

"దొరకది."

కాసేపు మిషన్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. "సరే, గీడనే ఉంచుకో అన్నా. ఇంటికి తీస్కపోతే పాణం గుంజుతది" అని లేచిపోయాడు. నేను ఆ మిషన్‌ను విప్పి, ఒక్కో భాగం ఒక్కో గిరాకీ మిషన్‌కు వేశాను. నెలరోజుల్లో దాని ఖాళీ డబ్బాలో స్క్రూలు దాచుకుంటున్నాను.

కొన్ని నెలల తరవాత టీవీ బటన్లు పనిచేయడం లేదని పిలిస్తే వాళ్లింటికి వెళ్లాను. టీవీ కింద ఇంకో గేమ్ మిషన్ ఉంది. వేరే రకం, చిన్నది, చవకది. టీవీలో కార్ల పందెం. బొమ్మ మీద అదే నల్ల బెల్టు, తాపీగా ఎక్కుతోంది.

"దీనికి గూడ వచ్చిందన్నా అదే రోగం" అన్నాడు లచ్చిరాం.

నేను టీవీ ముందుకు లాగాను. వెనక దుమ్ము. కమిలి గుడ్డ తెచ్చి, "జర ఆగు అన్నా, ముక్కులకు పోతది" అంటూ తుడిచింది. తుడుస్తూ కేబుల్ టీవీ వైరు పిన్ను ఊడబీకింది.

బెల్టు పోయింది.

ముగ్గురం తెర వంక చూశాం. గోడ అవతల మిల్లు మోటార్లు ఎప్పట్లాగే మోగుతున్నాయి. కమిలి పిన్ను మళ్లీ పెట్టింది. బెల్టు వచ్చింది. తీసింది. పోయింది.

సంగతి ఇది. లచ్చిరాం గేమ్ శబ్దం గట్టిగా వినపడాలని మిషన్‌ను పాటలు వినే స్పీకర్ డబ్బాకు కూడా కలిపాడు. దాని మూడు కాళ్ల ప్లగ్గు వల్ల ఎర్తింగ్ ఒకవైపు నుంచి వస్తోంది. వీధిలోంచి వచ్చే కేబుల్ టీవీ వైరుతో ఇంకోవైపు నుంచి వస్తోంది. రెండు ఎర్తింగులకూ పొత్తు కుదరక, మిల్లు మోటార్ల కరెంటు కొంచెం ఆ తీగల్లోంచే తిరుగుతోంది. అదే బెల్టు. నా బల్ల మీద కేబుల్ వైరూ లేదు, పాటల డబ్బా లేదు. కాబట్టి రోగమూ లేదు.

"అంటే," అంది కమిలి మెల్లగా, "గా పాత మిషన్ల ఏం పోలే?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగింది.

"ఏం పోలే చెల్లె. మంచిగనే ఉండె. నేనే ఖరాబు జేసిన."

ఆమె గుడ్డ దులిపింది. "నయం. నువ్వు డాక్టరువు గాకపోతివి. తాండకు తాండ ఖాళీ అయితుండె."

లచ్చిరాం ట్రంకు పెట్టె తెరిచి, చుట్టచుట్టి దాచుకున్న పాత మిషన్ తాలూకు వైరు తీశాడు. మిషన్‌తో పాటు వచ్చిన అసలు వైరు. "కొత్తదానికి ఇది పట్టది. ఇంట్ల ఉంటె దీన్ని సూసినప్పుడల్లా నువ్వే యాదికొస్తవు. తీస్కపో" అన్నాడు. తిట్టి ఉంటే బస్సులో నిద్రపట్టేది.

ఆ వైరు నా సంచిలోనే ఉండిపోయింది. తీగ చూడకుండా ఐసీ మాట ఎత్తకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు పెట్టుకోవడం తేలిక. అది పనిలోకి రావడానికి కోదాడ దాకా వెళ్లాలి.

వైరు గురించి నాలుగు మొండి మాటలు

అసలు కథలోకి వెళ్లేముందు అడిగినవాళ్ల కోసం. పిన్నుల మీది బంగారు పూత చూసి వైరు కొనకండి, తాళికి వేయించుకోండి. వైరు లావుగా ఉందని మురవకండి. ఒకటి కోసి చూడండి, చాలాసార్లు లోపల వెంట్రుక, చుట్టూ రబ్బరు. లోపలి తీగ చుట్టూ రాగి జాలి దట్టంగా ఉంటేనే అది బొమ్మ మోసే వైరు. మార్కెట్లో మిషన్ పిన్నుకు దొరికే చవక వైర్లలో పిన్ను నిండా కాళ్లు ఉండవు. పసుపు, ఎరుపు, తెలుపులకు కావలసిన కాళ్లే పెట్టి మిగతావి ఎగ్గొడతారు. అసలు వైరు దొరికితే వదలకండి.

బొమ్మ నలుపు తెలుపులో వస్తే మిషన్‌ను తిట్టకండి. టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ను 'ఆటో'లో పెట్టండి. రంగు బార్ చివరిదాకా జరపకండి. మావాళ్లకు రంగు ఫుల్, సౌండు ఫుల్, కారం ఫుల్. షార్ప్‌నెస్ అయితే పూర్తిగా తగ్గించండి. అది కొత్త వివరం చూపించదు, ఉన్నదానికి కాటుక పెడుతుంది.

ఇంతే. ఇక మిగిలింది పొడుగు సంగతి.

తాళం వేసిన బీరువా

కోదాడ బస్టాండు దగ్గర సుజాతక్క గేమ్ సెంటర్. ఆమె భర్త లారీ డ్రైవర్, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. దుకాణం ఆమె ఆలోచన, ఆమె పట్టుదల. నాలుగు ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీలు, నాలుగు పాత మిషన్లు. ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు, లోడు కోసం ఎదురుచూసే లారీ వాళ్లు, అక్కడే లోడ్లకు లారీలు మాట్లాడిపెట్టే ఖాదర్ భాయ్. వీళ్లే గిరాకీ.

మా మూడు ఊళ్లలోనూ గేమ్ సెంటర్లకు ఒక పద్ధతి ఉండేది. బయటివాళ్లకు చెబితే నమ్మరు. టీవీలు గోడ పొడవునా ఉంటాయి, మిషన్లు మాత్రం ఓనరు కుర్చీ పక్కన తాళం వేసిన చెక్క బీరువాలో. ఆడేవాడికి మిషన్ కనపడదు, పొడుగు వైరుతో హ్యాండిల్ మాత్రం చేతికొస్తుంది. గంట అయిపోగానే ఓనరు బీరువాలోకి చెయ్యి పెట్టి స్విచ్ ఆపేస్తాడు. చెబితే లేచేవాడు ఉండడు, ఆపితే లేస్తాడు. దొంగతనమూ ఉండదు. దీనివల్ల మిషన్ నుంచి టీవీకి బొమ్మ వైర్లు గది చుట్టూ తిరిగి పది పన్నెండు మీటర్లు పోయేవి. అందంగా ఉండాలని వాటిని కరెంటు వైర్లతో కలిపి ఒకే గొట్టంలో దూర్చేవాళ్లు. ఎవరికీ తప్పు అనిపించలేదు. నాకూ అనిపించలేదు, కొన్నిచోట్ల ఆ గొట్టాలు బిగించింది నేనే.

2009 ప్రాంతంలో ఆమె దుకాణం ఎదురుగా సన్నటి టీవీలతో కొత్త సెంటర్ వచ్చింది. సుజాతక్క కూడా మా షోరూములోనే ఒక సన్నటి టీవీ కొని పాత మిషన్ తగిలించింది. బొమ్మ ఇంకా చెడిపోయింది. కొత్త టీవీ పాత బొమ్మను తన గడులకు సాగదీసుకుంటుంది. సబ్బు నురగ వెనక నిలబడ్డ మనిషిలా ఉంటుంది. సాగదీసే ఆలోచనలో ఆలస్యం కూడా చేస్తుంది. బటన్ ఇప్పుడు నొక్కితే ఎగరడం కాసేపటికి. కుర్రాళ్లు "మిషన్లు చచ్చినయ్ అక్కా" అని ఎదురు సెంటర్‌కు పోవడం మొదలుపెట్టారు.

ఆమె మరిది రవికి ఆ దుకాణం మడిగె మీద కన్ను. సెల్‌ఫోన్ల దుకాణం పెడతానంటాడు. ఫోన్లు మా పెద్దసార్ ఇప్పిస్తానన్నాడు. భర్త లారీలోంచి ఫోన్‌లో తీర్పు చెప్పాడు: మెకానిక్ వచ్చి చూసి మిషన్లు పోయాయంటే మూసేద్దాం, ఉన్నాయంటే ఉంచుదాం.

పెద్దసార్ నన్ను పిలిచి షోరూము పేరు అచ్చేసిన కాగితాల పుస్తకం చేతిలో పెట్టాడు.

"కోదాడ పోయి సూసి, ఐసీలు పోయినయని చిట్టీ రాసిచ్చిరా."

"సూడకముందే పోయినయా సార్?"

"సైదులూ, నీకు నోరెక్కువైంది."

కోదాడ వెళ్లేసరికి రవి షట్టర్ దగ్గరే నిలబడి ఉన్నాడు. చేత్తో మడిగె కొలుస్తున్నాడు. లోపల ఖాదర్ భాయ్ ఒక్కడే విమానం గేమ్ ఆడుతున్నాడు. సుజాతక్క కుర్చీలోంచి లేవలేదు.

"చూడండి సైదులు గారూ. పోయాయంటే పోయాయని చెప్పేయండి. ఇవాళే షట్టర్ దించేస్తాను. ఉన్నాయని మాత్రం నా మొహం చూసి చెప్పకండి."

"మిషన్ల మొహం సూసి చెప్తనక్కా."

"వదినా, ఇంకెందుకు చూడటం?" అన్నాడు రవి. "సారు చెప్పాడుగా, కాలం చెల్లిన సరుకని."

బీరువా తాళం తీయించాను. పెట్టె విప్పలేదు. ఖాదర్ భాయ్ టీవీ ముందు వంగి బొమ్మ చూశాను. ప్రతి అక్షరం పక్కన దాని నీడ ఇంకో అక్షరం. అడుగున సన్నటి గీతలు కదులుతున్నాయి. రంగు అంచులు దాటి కారుతోంది. గొట్టం ఒకచోట పగలగొట్టి తీగ బయటికి లాగాను. స్పీకర్లకు వేసే పాటల వైరు. బొమ్మకు పనికిరానిది. దానికి మధ్యలో మూడు అతుకులు, అతుకుల మీద కరెంటు టేపు. ఫ్యాను తీగతో జడలాగా పెనవేసుకుని ఉంది.

మిషన్ తీసుకుని వెళ్లి టీవీ పక్కనే స్టూలు మీద పెట్టాను. టీవీ వెనక నాలుగు రంధ్రాల గుండ్రటి సాకెట్ ఉంది. దాని మీది కంపెనీ స్టిక్కర్ కూడా ఇంతవరకూ ఎవరూ తీయలేదు. సంచిలోంచి లచ్చిరాం వైరు తీశాను. ఇదే రకం మిషన్ అసలు వైరు, పిన్ను నిండా కాళ్లున్నాయి. మూరెడు తుంచి, వెలుగు కాలికి ఒక జాలి తీగ, రంగు కాలికి ఒక జాలి తీగ వేసి, గుండ్రటి పిన్నుకు అతికాను. గంటన్నర పట్టింది. రవి రెండుసార్లు టీ తాగొచ్చాడు.

"ఏం నాటకమన్నా ఇది? చిట్టీ రాస్తే బస్సు దొరికేది కదా."

"బస్సులు దొరుకుతయి తమ్మీ. మూరెడు తీగెనే దొరకదు."

స్విచ్ వేశాను.

నేను ఎన్నో బొమ్మలు చూశాను. అయినా ఆ పూట సోల్డరింగ్ పక్కన పెట్టి నేనూ వంగి చూశాను. ఆకాశం ఆకాశంలా ఉంది. మబ్బుకు అంచుంది. అక్షరాల మీద చీమలు లేవు, పక్కన దయ్యాల్లాంటి నీడలు లేవు. ఖాదర్ భాయ్ హ్యాండిల్ పట్టుకున్నాడు కానీ ఆడటం లేదు. తెరకు ముక్కు ఆనించి చూస్తున్నాడు. అతని విమానం తిన్నగా పోయి కొండకు గుద్దుకుంది. పట్టించుకోలేదు.

"అరె సుజాతమ్మా, ఇటు రా జర. దీన్ల మనిషున్నడు!"

"ఎందులో?"

"ఇమానంల! ఎర్ర టోపీ పెట్టుకుని కూసున్నడు సూడు. ఇన్నేండ్లసంది నడుపుతున్న. ఖాళీ ఇమానం అనుకున్న నేను. ఎన్నిసార్లు కూలగొట్టిన్నో, పాపం!"

సుజాతక్క లేచి వచ్చింది. ఎర్ర టోపీని చూసింది. స్టూలు మీద మిషన్‌ను చూసింది. బీరువా వంక చూసేసరికి, ఏం జరగబోతోందో ఆమెకు అర్థమైంది.

"అంటే, మిషన్లు బయట పెట్టాలా?"

"పెట్టాలక్కా. పసుపు వైరైనా సరే, మూరెడే ఉండాలి. ఎంత మంచి తీగైనా గదంతా తిప్పితే బొమ్మ దారిలోనే అలిసిపోతది."

"కుదరదండీ. మొదటి ఏడు ఇలాగే బయట పెట్టాను. ఒకడు మిషన్ సంచిలో వేసుకుని నన్నే విజయవాడ బస్సు ఎప్పుడని అడిగాడు. నేను చెప్పాను కూడా! పరిగెత్తు బాబూ, కదులుతోందని."

ఖాదర్ భాయ్ నవ్వబోయి ఆగాడు. రవి మాత్రం గట్టిగానే నవ్వాడు. "విన్నావుగా అన్నా. తాళం తీస్తే మిషన్ పోతుంది, వేస్తే బొమ్మ పోతుంది. రాసేయ్ ఇక."

రాశాను. షోరూము పేరు అచ్చయిన కాగితం మీద, నా చేతిరాత నాకే అర్థమయ్యేంత నిదానంగా: 'మిషన్లు నాలుగూ బాగున్నవి. ఒక్క ఐసీ కూడా పోలేదు. తీగలు పొడుగు.' సంతకం పెట్టి సుజాతక్క చేతికిచ్చాను. రవి చదివి, నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. తాళం సంగతి నేను రాయలేదు. అది మెకానిక్ తీసేది కాదు.

చూసి రమ్మంటే

నేను బస్సు దిగేలోపే సూర్యాపేటకు కబురు చేరింది.

"నిన్ను దేనికి పంపిన?" అన్నాడు పెద్దసార్.

"సూసి రమ్మన్నరు సార్."

"సూసి రమ్మంటే కాల్చి వచ్చినోని కథ విన్న. సూసి రమ్మంటే నిజంగనే సూసి వచ్చినోన్ని నిన్నే సూస్తున్న." ఆయనలోనూ హాస్యం ఉండేది, అందుకే ఆయన్ని ద్వేషించలేకపోయాను. "రేపటి సంది నీ తీగలు నువ్వే సూసుకో."

సూసుకున్నాను. ఒక టైలర్ దుకాణం అరుగు మీద సగం కిరాయికి బల్ల వేసుకున్నాను. ఆయన కొలతలు తీసుకుని గుడ్డ కత్తిరించేవాడు, నేను కొలత చూసి తీగ కత్తిరించేవాణ్ని. ఇద్దరం పొట్టిగా కత్తిరించేవాళ్లమే, కాకపోతే ఆయన గిరాకీలు తిట్టేవారు.

మెకానిక్‌లకు ధైర్యం అక్కర్లేదని జనం అనుకుంటారు. చేతి నైపుణ్యం ఉంటే చాలనుకుంటారు. నేను ఒప్పుకోను. సోల్డరింగ్ ఆరు నెలల్లో వస్తుంది. 'బాగానే ఉంది' అనే మాట నోట్లోంచి రావడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. పోయిందని చెప్పినవాణ్ని ఎవరూ నిలదీయరు. బాగుందన్నవాడే రుజువు చేయాలి.

నెల తరవాత కోదాడ వెళ్లాను, మిగతా మూడు వైర్లు చేసి పట్టుకుని. షట్టర్ తెరిచి ఉంటుందో లేదో అనుకుంటూనే బస్సు దిగాను. తెరిచి ఉంది. లోపల బీరువా లేదు. దాని చెక్కలు నాలుగు టీవీల పక్కన నాలుగు పీటలయ్యాయి. పీటల మీద మిషన్లు, అందరి కళ్లముందూ.

"తాళం ఏం జేసినవక్కా?"

"షట్టర్‌కు వేశాను. పాతది తుప్పు పట్టింది." ఒక పీటను సరిచేస్తూ చెప్పింది. "రవి అన్నాడు కదా, తీస్తే మిషన్ పోతుంది, వేస్తే బొమ్మ పోతుందని. ఆ రాత్రంతా ఆలోచించాను. మిషన్ పోతే ఒకటి పోతుంది. బొమ్మ పోతే నాలుగూ పోతాయి."

"ఏమన్న పోయినయా మరి?"

"ఒక హ్యాండిల్ పోయింది. ఎవడు తీశాడో తెలుసు. ఆడకుండా ఉండలేడు, వస్తాడు. అప్పుడు అడుగుతాను."

"మరి గంట అయితే ఎట్ల లేపుతున్నవు? స్విచ్ దూరమాయె."

"వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడతానండీ. నాకన్నా పెద్ద స్విచ్ ఏముంది?"

రవి తరవాత వేరే వీధిలో సెల్ దుకాణం పెట్టుకున్నాడు. బాగానే నడిచింది. వదిన దగ్గరికి రావడమూ మానలేదు.

రెండో చిట్టీ

2014లో నా చెయ్యి వణకడం మొదలైంది. చిన్న కాళ్ల మీద సీసం నిలవడం లేదు. ఇక మానేస్తున్నానని చెప్పడానికి సుజాతక్క దుకాణానికి వెళ్లాను. అప్పటికి రెండు మిషన్లే మిగిలాయి. ఎదురు సెంటర్ టిఫిన్ సెంటర్ అయింది. సన్నటి టీవీలో ఆమె సీరియల్ చూస్తోంది. ఖాదర్ భాయ్‌కి జుట్టు నెరిసింది, ఎర్ర టోపీవాడికి మాత్రం వయసు రాలేదు.

నేను వెళ్లేసరికి ఒక మెకానిక్ డబ్బా టీవీ వెనక స్క్రూలు విప్పుతున్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. చంకలో మా పాత షోరూము కాగితాల పుస్తకం. నేనెవరో అతనికి తెలియదు. సుజాతక్క కళ్లతోనే నన్ను కూర్చోమంది.

అతను కాసేపు లోపల గెలికి లేచాడు. "బొమ్మ ఊగుతున్నదమ్మా. మిషన్ల ఐసీ పోయింది. రాసిస్త" అంటూ పెన్ను తీశాడు.

"రాయండి. కానీ ముందు ఇది చదవండి" అంది సుజాతక్క.

ఆమె బల్ల అద్దం కింద నా చిట్టీ ఉంది. పసుపెక్కింది. పైన అదే షోరూము పేరు, కింద నా వంకర సంతకం. అతను తన చేతిలోని కాగితం పేరూ, అద్దం కింది కాగితం పేరూ మార్చి మార్చి చూశాడు. 'తీగలు పొడుగు' దగ్గర ఆగాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

తరవాత వంగి, మా నాయన గొర్రె గిట్ట ఎత్తినట్టు, మిషన్ వెనక వైరు చివర ఎత్తి వెలుగులోకి తిప్పి చూశాడు.